లోపల వదిలిన గుడ్డ

యుద్ధం నాలుగో ఏట, డిగ్రీ అయిన నెలకే సైన్యంలో ఆఫీసరుగా సెలెక్టయ్యాను. మా బ్యాచ్ మొత్తానికీ యూనిఫారాలు కుట్టే పని నాన్న దుకాణానికే వచ్చింది.

వేసుకుని చూద్దామని నా చొక్కా తీశాను. లోపలివైపు, కుట్టు పక్కన, నాలుగు వేళ్ల గుడ్డ మడిచి ఉంది. రేపు లావెక్కితే కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి.

"నాకంత పొట్ట వస్తుందనుకున్నావా నాన్నా?" అని నవ్వాను.

ఆయన కుట్టుమిషన్ తొక్కుతూనే ఉన్నాడు.

పక్కనే మా బ్యాచ్ వాళ్ల చొక్కాలు దొంతరగా ఉన్నాయి. ఒకటి తిరగేశాను. తర్వాత ఇంకొకటి. దేనికీ లోపల గుడ్డ లేదు. కుట్టు వారగా కత్తిరించేశాడు.

"వీళ్లకి వదల్లేదేం?"

"యుద్ధం మొదలయ్యాక కూడా మూడేళ్లు అందరికీ వదిలానురా. ఒక్కడంటే ఒక్కడు కుట్టు విప్పించుకోవడానికి రాలేదు. గుడ్డ దండగని ఈ ఏడాది మానేశాను."

చేతిలో ఉన్న చొక్కాని మళ్లీ దొంతర మీద పెట్టాను.

"మరి నాకు వదిలావుగా," అన్నాను.

నాన్న మిషన్ ఆపాడు.

"నీది నేను కుట్టలేదు. చేతులాడలేదు. మీ అమ్మ కుట్టింది."