జొన్న కప్పు అంచు

రాజమండ్రిలో కాగితం కప్పులు మాయమై చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఏ కొట్టుకెళ్లినా జొన్నపిండి కప్పులోనే కాఫీ పోస్తారు. కాఫీ తాగేసి, కప్పు కూడా తినేసి లేచిపోవడమే. కబుర్లలో పడితే కప్పు నాని చేతిలోనే విడిపోతుంది. అందుకే కాఫీ కొట్ల దగ్గర ఎవరూ ఎక్కువసేపు కూర్చోవడం లేదు.

ఆ సాయంత్రం గోదావరి గట్టు మీది కొట్టులో సత్యవేణి, ఆమె అక్క అనసూయ ఎదురెదురుగా కూర్చున్నారు. తల్లి కడచూపుకి చెల్లెలు రాలేదని అనసూయ ఆనాడే మాటలు మానేసింది. ఇన్నేళ్లకు సత్యవేణి ఫోన్‌లో బతిమాలితే వచ్చింది గాని, కప్పు పట్టుకుని నదివైపే చూస్తోంది.

ఇంతలో అక్క కప్పు అడుగు మెత్తబడి జారడం చూసి సత్యవేణి చప్పున దోసిలి పట్టింది. కాఫీ అంతా ఆమె చేతుల్లో పడింది.

"కాలిందేమిటే?" అంది అనసూయ కంగారుగా.

"లేదక్కా, చల్లారిపోయింది. ఆ రోజు నేను బయల్దేరానే అక్కా! వరదకి దారిలోనే బస్సు ఆపేశారు."

"తర్వాత తెలిసిందే. అప్పటికే నిన్ను నానా మాటలూ అనేశాను. ఏ మొహం పెట్టుకుని పిలవను?"

అనసూయ కొంగుతో చెల్లెలి చేతులు తుడిచింది. విరిగిన కప్పు అంచు మాత్రం ఇంకా కరకరలాడుతూనే ఉంది. చిన్నప్పుడు అమ్మ అట్టు వేస్తే, ఎర్రగా కాలిన అంచంతా అనసూయ తుంచి చెల్లెలికే పెట్టేది. ఇప్పుడూ అలాగే తుంచి నోటికందించింది.

"తిను," అని కొట్టువైపు తిరిగింది. "బాబూ, ఇంకో రెండు కాఫీలు పొయ్యి. మేం ఇప్పుడే లేవం."