నొప్పుల సంచి

క్లినిక్కు మెట్లెక్కిన ముసలాయనకు ఒక కాలికే చెప్పుంది.

"ఇంకో చెప్పు యాడ పోయింది తాతా?" అంది నర్సు మార్త.

ఆయన వంగి కాళ్ళు చూసుకొన్నాడు. "అరె! ఎప్పుడు జారిపోయిందో ఏమో, తెలీనే లేదు కదమ్మా!"

బెంచీ మీద వాళ్ళంతా గొల్లున నవ్వారు. తలుపు సందులోంచి చూసిన డాక్టర్ అంబికకూ నవ్వొచ్చింది. మడివాళ మార్కెట్టు వెనక సందులోని ఆ చిన్న క్లినిక్కు ఆమెదే.

ముసలాయన టోకెను తీసుకోలేదు. ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకొని బెంచీ చివర కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

సరిగ్గా అప్పట్నుంచే క్లినిక్కులో ఒక వింత మొదలైంది.

అంతకుముందు రోగులు వచ్చి "కాళ్ళు నొప్పి డాక్టరమ్మా" అని నోరు మూసుకొనేవాళ్ళు. ఎలాంటి నొప్పి అంటే "నొప్పంటే నొప్పే" అనేవాళ్ళు. బయట నలభై మంది కాచుకొని ఉంటారు. ఏదో ఒక నొప్పిమాత్ర రాసి పంపేసేది.

ఆ రోజు పూలమ్మే మునివెంకటమ్మ కూర్చోగానే అందుకొంది.

"అరికాళ్ళలో మిరప్పొడి చల్లినట్ల మంట డాక్టరమ్మా. పండుకొంటే ఎక్కువ. దుప్పటి తగిలినా ఓర్చుకోలేను."

అంబిక పెన్ను ఆగిపోయింది. ఇది నరాల నొప్పి. చక్కెర జబ్బు పెట్టిన చిచ్చు. ఆర్నెల్లుగా తను రాస్తున్న మాత్రలు దీనికి పనికిరావు.

"ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పలేదేం?"

"ఎట్ల చెప్పేదో తెలీక."

మందు మార్చింది. తర్వాత వచ్చిన ఆటో డ్రైవరు, నడుము నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టుందన్నాడు. తెలుగూ కన్నడా రాని ఒడియా వాచ్‌మన్ అయితే, ఒక గుండుసూది తెచ్చి బల్ల మీద పెట్టి తన కాలు చూపించాడు.

అంబికకు బుర్ర గిర్రున తిరిగింది.

"వీళ్ళకెవరో ట్రైనింగ్ ఇస్తున్నట్టున్నారు మార్తా!"

"ఇంకెవరు మేడం, ఆ ఒంటిచెప్పు తాతే. సంచిలోనించి మిరపకాయ, సూది, ఇంకా ఏందేందో తీసి అందరికీ చూపిస్తా ఉంటాడు. ఇట్లుండాదా, అట్లుండాదా అని అడుగుతాడు. నాకైతే మంత్రగాడేమో అని అనుమానంగా ఉండాది."

అంబికకు పాలుపోలేదు. మందు మార్చినవాళ్ళకు నెమ్మదిస్తున్న మాట నిజమే. కానీ డాక్టరు గుమ్మంలో మిరపకాయలూ సూదులూ ఏమిటి? రేపు ఏ నూనె సీసానో అమ్మడం మొదలుపెడితే? పోయేది తన పేరు.

ఆయన్ను లోపలికి పిలిపించింది.

"పెద్దాయనా, మీకేం నొప్పి?"

"నాకు నొప్పే లేదమ్మా."

"నొప్పి లేనివాళ్ళకి క్లినిక్‌లో ఏం పని? పేషెంట్లని డిస్టర్బ్ చేస్తున్నారు. రేపట్నుంచి రావద్దు."

సంచి మూతి ముడేసుకొని, "మంచిదమ్మా" అని లేచాడు.

గుమ్మం దగ్గర ఒక చెప్పు ఊడిపోయింది. చూసుకోకుండానే వెళ్ళిపోతున్నాడు. మార్త కేకేస్తే గాని వెనక్కి తిరగలేదు.

వారం తిరిగేసరికి కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ "నొప్పంటే నొప్పే" అనసాగారు.

"మంటా? పోటా? తిమ్మిరా?" అంబికే అడిగి చూసింది.

"అన్నీ డాక్టరమ్మా" అన్నారు, బడిలో తప్పు జవాబు చెప్పిన పిల్లల్లా బిక్కమొహాలు వేసి.

ఏది నరాల నొప్పో, ఏది కాదో తేలేది కాదు. ఒక్కోసారి ఆమె కన్ను తలుపు సందులోంచి, ముసలాయన కూర్చున్న బెంచీ చివరకు పోయేది. ఎందుకో ఆమెకే తెలిసేది కాదు.

రెండు నెలలకు మునివెంకటమ్మ ఆ గుడ్డసంచి పట్టుకొచ్చింది.

"ఆ బెంచీ చివర కూర్చొనే నారాయణప్పన్న పోయినాడు డాక్టరమ్మా. మా వఠారమే. కాల్లో మేకు దిగినా తెలీలేదంట ఆయనకి. పుండు మోకాలి దాకా పాకినాక చూసినాము. పెద్దాస్పత్రిలో వారం కూడా ఉండలేదు. ఇది మీకిమ్మని చెప్పినాడు."

అంబిక సంచిని బల్ల మీద గుమ్మరించింది. ఎండుమిరపకాయ. గుండుసూదులు. కరెంటు వైరు ముక్క. చీమలు పాకినట్టుండే తిమ్మిరికి కాబోలు, కాగితంలో గుప్పెడు ఆవాలు. చివర ఒక దూది ఉండ.

"ఈ దూది దేనికి?"

"అది ఆయనదే. మొదట మంటలుండె, పోను పోను కాళ్ళు మొద్దుబారిపోయినాయి. నేల మీద కాలు పెడితే దూది మీద పెట్టినట్ల ఉంటాదని చెప్తుండె."

ఒంటిచెప్పు అంబిక కళ్ళ ముందు ఆడింది.

సంచి అడుగున ఇంకా ఏదో గరగరమంటే చెయ్యి పెట్టి తీసింది.

నాలుగు మడతలు పెట్టిన మూడేళ్ళ కిందటి మందుల చీటీ. పైన నారాయణప్ప పేరు, కింద ఇంగ్లీషులో, తన చేతిరాతే: ‘కాళ్ళ నొప్పి అంటాడు, ఎలాంటిదో చెప్పలేడు.’