తడిక అవతలి పుంజు

జానెడెత్తు పొట్టికోళ్ళ గూట్లో రెండు పుంజులుండేవి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. పొద్దున లేస్తే పైకర్ర నాదంటే నాదని రక్తాలు కారేలా కొట్టుకునేవి. ఆ తొక్కుళ్ళలో చుక్కలపెట్ట గుడ్లు చితికిపోయేవి. చూసి చూసి విసిగిపోయిన ఇంటావిడ ఓ రోజు గూటికి నడుమ తాటాకు తడిక అడ్డం పెట్టేసింది.

"వాణ్ణి ఖైదులో వేయించాను," అని కూసింది ఎర్రపుంజు. అవతల నల్లపుంజూ అదే కూసింది. రెండువైపులా పెట్టలు "మహారాజా!" అన్నాయి. చుక్కలపెట్ట మాత్రం తడిక కింది సందులోంచి దూరి, రెండు రాజ్యాల్లోనూ నూకలు తిని వచ్చి తన గుడ్ల మీద కూర్చునేది.

ఒక మధ్యాహ్నం ఈదురుగాలికి తడిక కాస్తా పడిపోయింది. పుంజులు రెండూ మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఎదురెదురుగా నిలబడ్డాయి. చుక్కలపెట్ట గుడ్లను రెక్కల కిందికి లాక్కుని, "ఇక అయిపోయింది," అనుకుంది.

రెండూ ఓరకంట పడిపోయిన తడిక వైపు చూశాయి.

"ముందు తడిక లేపరా, తర్వాత నీ సంగతి చెప్తా," అంది ఎర్రపుంజు మెల్లగా.

"ఆ కొస నువ్వు పట్టుకో," అంది నల్లపుంజు ఇంకా మెల్లగా.

రెండూ రొప్పుతూ ముక్కులతో ఎత్తుతుంటే చుక్కలపెట్ట కూడా లేచొచ్చి నడుమ వీపు ఆనించింది. తడిక నిలబడింది. నిలబడగానే రెండువైపులనుంచీ ఒకేసారి కూత వినిపించింది.

"బతికిపోయావు, పోరా!"

చుక్కలపెట్ట ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి "మహారాజా!" అంది. తర్వాత కింద సందు ఉందో లేదో చూసుకుని, వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది.