ఖాళీ గడి

"నాలుగు వందల పన్నెండు మంది చేరారు. నాలుగు వందల పదకొండు మందికే ఫలితం రాశారు. మరి ఆ ఒక్క బిడ్డ ఏమైనట్టు?"

నిన్నటి టీవీ చర్చలో డాక్టరుగారు బల్ల గుద్ది అడిగిన ప్రశ్న అది. మిడ్‌వైఫ్‌ల తరఫున వచ్చినావిడ అధ్యయనాలు, శాతాలు ఏవో చదవబోయింది. వినేదెవరు? ఈలోగా ప్రకటనలు వచ్చేశాయి. తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట. పురుళ్ళ కేంద్రంలో బిడ్డ మాయం!

సాయంత్రం ఏడింటికి చర్చ రెండో భాగం. ఆ కేంద్రాన్ని ఉంచాలో మూసేయాలో అధికారులు రేపు తేలుస్తారు. ఈలోగా బిడ్డ జాడ పట్టుకోవాలి. ఆ పని అడిగి మరీ తీసుకుంది విలేకరి. ఆ కేంద్రం మీద ఆమెకున్నంత అనుమానం ఛానెల్లో మరొకరికి లేదు.

"గుమ్మడికాయ దొంగ అనగానే భుజాలు ఎవరు తడుముకుంటారో చూడు, చాలు" అన్నాడు ఎడిటర్.

కేంద్రంలోని పెద్ద మిడ్‌వైఫ్‌కి అరవై దాటి ఉంటాయి. ముక్కు చివర కళ్ళద్దాలు. మోచేతుల దాకా కడుక్కున్న చేతులు తుడుచుకుంటూ వచ్చి, విలేకరిని పరకాయించి చూసింది.

"మిమ్మల్నెక్కడో చూశానమ్మా."

"రోజూ టీవీలో కనిపిస్తాగా!"

"మాకు టీవీలు చూసే తీరికెక్కడిదిలే" అని నవ్విందావిడ.

ఆ నవ్వు విలేకరికి నచ్చలేదు. అడక్కముందే రిజిస్టరు బల్ల మీద సిద్ధంగా ఉండడం అసలే నచ్చలేదు. చర్చ చూసి తిరగరాసి ఉంటారు. పేజీలు వెలుతురుకు పట్టి చూసింది. కుట్టు దగ్గర గోటితో గీరింది. చింపిన ఆనవాలు లేదు, దిద్దిన మరక లేదు. ఇంత శుభ్రంగా ఉండడం కూడా అనుమానమే!

పేర్లు లేవు, నంబర్లే. నొప్పులు మొదలైన వేళ, పావుగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు, చివర ఫలితం, తల్లి సంతకం. ఆమె మిగతావి వదిలేసి ఫలితాల గడులే చూసుకుంటూ పోయింది.

ఫోను మోగింది. కొడుకు.

"అమ్మా, బెలూన్లు కొన్నావా? ఎర్రవే!"

"ఎల్లుండి కదరా నీ పుట్టినరోజు? పనిలో ఉన్నాను, పెట్టెయ్."

"ఎర్రవి లేకపోతే ఇంటికి రాకు!"

పిడుగు! ఎవరి పోలికో అనుకుంటూ ఫోను సంచీలో పడేసింది. మళ్ళీ గడుల మీద వేలు కదిలింది. నూట ఎనభై ఏడో నంబరు దగ్గర ఆగింది.

ఫలితం ఖాళీ. సంతకం ఖాళీ.

దొరికారు!

"దీనికేమంటారు?"

పెద్ద మిడ్‌వైఫ్ వంగి చూడను కూడా లేదు. "పెద్దాసుపత్రికి పంపిన కేసమ్మా. తొమ్మిదీ ఇరవైకి బిడ్డ గుండె చప్పుడు తగ్గింది. తొమ్మిదీ ఇరవై రెండుకి అంబులెన్సు పిలిచాం."

"కష్టమైతే అక్కడికి తోసెయ్యడం, చేతులు దులుపుకోవడం. బతికితే మీ లెక్క, పోతే వాళ్ళ లెక్క. అంతేగా?"

"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదా! దులుపుకునేదాన్నయితే ఆ బండెందుకు ఎక్కుతాను? ఆపరేషన్ గది తలుపు దాకా ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఇక్కడ ఇంకొకావిడకి నొప్పులొస్తున్నాయంటే వచ్చేశాను."

"పోనీ, ఆసుపత్రి కాగితం చూసి నింపచ్చుగా?"

"మా పద్ధతి అది కాదు. ఫలితం తల్లి నోటే వినాలి. తల్లి చేతే సంతకం పెట్టించాలి. లేకపోతే మంచివన్నీ మేమే రాసుకున్నామంటారు, మీలాంటివాళ్ళు."

"ఆ తల్లిని వెతికారా అసలు?"

"వెతక్కేం? ఫోనెత్తలేదు. రెండుసార్లు ఇంటికెళ్ళాం. కిటికీ తెర కదిలింది గానీ తలుపు తెరుచుకోలేదు. నొప్పులు పడి కనాలని ముచ్చటపడి వచ్చింది పాపం. చివరికి కోత తప్పలేదు. మేం బయటికి గెంటేశామనుకుంది కాబోలు, కోపం వచ్చుంటుంది."

విలేకరి రిజిస్టరు మూయబోయి ఆగింది.

"ఎప్పటి మాట ఇది?"

"ఎల్లుండికి నాలుగేళ్ళు."

పెద్ద మిడ్‌వైఫ్ పెన్ను మూత తీసి, రిజిస్టరు విలేకరి ముందుకు జరిపింది. గోడ అవతల గదిలో ఏదో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

మళ్ళీ ఫోను. ఈసారి ఎడిటర్.

"ఏడవుతోంది తల్లీ! బిడ్డ జాడ దొరికిందా, లేదా?"

"దొరికింది" అని పెట్టేసింది.

పెన్ను అందుకుని, ఖాళీ గడిలో 'బాబు, మూడుంబావు కిలోలు, క్షేమం' అని రాసి, పక్కన తల్లి సంతకం చేయాల్సిన చోట తన సంతకం పెట్టింది.