చప్పుడు చేసే కార్డు

కంప్యూటర్ల దుకాణంలో అతన్ని అందరూ సలహారావు అంటారు. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ సలహా చెప్పందే వదలడు. తెర మీద ఆటల బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు అన్న మాట చెవిన పడితే ఇక పట్టపగ్గాలుండవు.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దమనిషి వచ్చి, సంచిలోంచి బట్టలో చుట్టిన పాత కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. గడ్డం గీసుకుని నాలుగు రోజులైనట్టుంది.

“ఇది పోయింది బాబూ. అచ్చం ఇలాంటిదే ఇంకోటి కావాలి.”

సలహారావు దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాపుకున్నాడు. “దీని కాలం ఎప్పుడో చెల్లిపోయింది సార్. ఎవరిది, మీ అబ్బాయిదా?”

“వాడిదే.”

“ఏ ఆటలాడతాడు?”

“కార్ల రేసు ఒకటి. మిగతావి నాకు తెలీవు.”

“అబ్బాయినే తీసుకురాకపోయారా? నిమిషంలో తేలిపోయేది.”

“వాడు రాడు.”

ఆ గొంతు విని సలహారావుకి జాలేసింది. ఇలాంటి తండ్రులు రోజుకి ఇద్దరైనా తగులుతారు. సుపుత్రులు తలుపు బిడాయించుకుని ఆటలాడుతుంటే, వీళ్ళు ఆ ఆటలకి కావలసినవి కొనడానికి ఎండలో తిరుగుతుంటారు.

లోపలికి వెళ్ళి మూడు ఫ్యాన్ల కార్డు పట్టుకొచ్చాడు. “ఇది చూడండి. గడ్డిపరక కూడా విడిగా కనిపిస్తుంది. పైగా చడీచప్పుడూ ఉండదు. వేడెక్కితే తప్ప ఫ్యాన్లు తిరగవు. తిరిగినా మీకు తెలీదు.”

పెద్దమనిషి ముఖం పాలిపోయింది. “చప్పుడు రాదా?”

“అస్సలు రాదు!”

“అయితే వద్దు.”

చప్పుడు తగ్గించమని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళని చూశాడు గానీ, చప్పుడు లేదని కార్డు వెనక్కి నెట్టినవాణ్ణి సలహారావు ఇన్నేళ్ళలో చూడలేదు.

పెద్దమనిషే చెప్పాడు. “మా అమ్మ మంచంలో ఉంది బాబూ. చూపు లేదు. గోడకి ఇటు ఆవిడ, అటు వాడి గది. ఆ ఫ్యాను హోరు వినిపిస్తుంటే మనవడు హాయిగా ఆడుకుంటున్నాడని ఆవిడ ధైర్యం. అది ఆగి మూడు రోజులైంది. వాడు అలిగి తిండి మానేశాడేమోనని ఆవిడా మానేసింది. ఎంత బతిమాలినా ముద్ద ముట్టట్లేదు. ఇవాళ కూడా అది మోగకపోతే...”



సలహారావు ఊరుకుంటాడా? “ఇందులో ఏముంది సార్! మనవడు వెళ్ళి పక్కన కూర్చుని ఒక్క ముద్ద పెడితే సరిపోదా? మీరు గారాబం చేసి నెత్తికెక్కించుకున్నారు. చెప్పాల్సిన రోజున గట్టిగా చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.”

“నిజమే,” అన్నాడు పెద్దమనిషి. “ఆ రోజే గట్టిగా చెప్పాల్సింది.”

స్టోరుగదిలో వెతగ్గా వెతగ్గా, అట్టపెట్టెల అడుగున ఒంటి ఫ్యాను కార్డొకటి దొరికింది. అమ్ముడుపోక మూలపడ్డది. సలహారావు దాన్ని దుకాణంలోని కంప్యూటరుకి తగిలించి మీట నొక్కాడు. పిండిమర తిరిగినట్టు హోరెత్తింది. వేరే కొనుగోలుదారులు వెనక్కి తిరిగి చూశారు.

పెద్దమనిషి కళ్ళు మూసుకుని విన్నాడు. “ఇదే. దీన్ని ఎప్పుడూ ఇలాగే మోగేలా పెట్టగలవా?”

“పెడతాను. కానీ అలా తిప్పితే ఏడాది కూడా రాదు సార్.”

“చాలు బాబూ. ఆవిడకి అంతకాలం అక్కర్లేదు.”

తనే వచ్చి బిగిస్తానని సలహారావు స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని వెంట నడిచాడు.

ఇల్లు రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో. తలుపు తీసిన ఇల్లాలు కార్డు పెట్టెకేసి చూసి పక్కకి తప్పుకుంది. అబ్బాయి గదిలో దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. బల్ల మీద దుమ్ము లేదు. కుర్రాడు లేడు. కొత్తవాళ్ళొచ్చారని ఎక్కడికో జారుకుని ఉంటాడనుకున్నాడు సలహారావు. మనిషి ఎంత మొండివాడైనా గది మాత్రం ముచ్చటగా ఉంచుకున్నాడని కాస్త మెచ్చుకున్నాడు కూడా.

పది నిమిషాల్లో కార్డు బిగించాడు. మీట నొక్కాడు. గోడలదిరేలా మోగింది.

పక్కగదిలో మంచం కిర్రుమంది. నీరసమైన గొంతు లేచింది. “మోగింది! అమ్మాయ్, వాడి అలక తీరిందే! నాకింత అన్నం పెట్టు.”

ఇల్లాలు కొంగుతో ముఖం తుడుచుకుంటూ వంటింట్లోకి పరుగెత్తింది. సలహారావు మనసు నిండిపోయింది. ఎన్నో కార్డులు అమ్మాడు గానీ ఒక ప్రాణాన్ని నిలబెట్టింది ఇదొక్కటే అనిపించింది.

“ఇంక మీవాణ్ణి పిలవండి సార్. ఆడి చూసుకుంటాడు.”

పెద్దమనిషి గది తలుపు మెల్లగా మూశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని రేసు మొదలుపెట్టాడు. ఆట రాదు. కారు మలుపు మలుపుకీ గోడని కొట్టుకుంటోంది. అయినా వేళ్ళు మీటలు వదల్లేదు.

“ఒరేయ్ చిన్నోడా!” గోడ అవతల నుంచి ముసలావిడ మురిపెంగా పిలిచింది. “మూడు రోజుల్నించీ నీ గొంతే వినపళ్ళేదురా. రా నాన్నా, ఇద్దరం కలిసి తిందాం.”

పెద్దమనిషి తెర మీంచి చూపు తిప్పకుండా, ఆ హోరులో తేడా తెలియకుండా గొంతు సన్నం చేసుకుని, ఎనిమిది నెలల క్రితం చనిపోయిన కొడుకులా బదులిచ్చాడు: “నువ్వు తినెయ్ నానమ్మా, నేనీ రేసయ్యాక తింటా!”