రోడ్డు మీద ఉలవలు

ప్రవల్లిక సైకిల్ జర్రున జారింది.

పడలేదు. కాలు ఆన్చి నిలబడింది. అయినా గట్టు మీదున్న తల్లి ధనలక్ష్మి అరుచుకుంటూ రోడ్డు మీదికొచ్చింది.

"మామ్మా! రోడ్డేటి, మీ అత్తోరిచ్చిన కళ్లమా?"

ఎండిన ఉలవ మొక్కలు దారికి అడ్డంగా పరుస్తున్న ముసలామె తలెత్తింది. ఏ ఊరి మనిషో ఎవరికీ తెలియదు. హైవే నాలుగు లైన్లయ్యాక కనిపిస్తోంది. రోజూ సరిగ్గా బడి వేళకే పరుస్తుంది. లారీ చక్రాలు తొక్కితే గింజ రాలుతుందట.

"పడిపోనేదు గదా తల్లీ."

"రేపు పడిపోతే? దాని మీంచి లారీ ఎల్లిపోతే?"

"నూర్పు అవనేదమ్మా. ఇంకొన్నాళ్లు ఉండనీ."

"ఊరందరికీ అయిపోనాది, నీకే అవనేదా?"

ముసలామె నవ్వి, మళ్లీ మొక్కలు పరిచింది.

పిల్లలు దాటడానికి పైన వంతెన కావాలని ఊరంతా అడిగింది. అది రాలేదు. బడి మాత్రం అవతలే ఉండిపోయింది.

ఆ రాత్రి ధనలక్ష్మికి కునుకు లేదు. కళ్లు మూస్తే చాలు, సైకిల్ జారుతోంది.

పొద్దున్నే రోడ్డు పనివాళ్ల జీపుకి ఎదురెళ్లింది.

"బాబూ, పిల్లలు జారిపోతన్నారు. ఆ ఉలవలు తీయించీండి."

పిల్లలు బడికి దాటాక వాళ్లు మొత్తం ఎత్తి పక్క గోతిలో పడేశారు. ముసలామె తగువు పడలేదు. చీపురు పట్టుకుని అలాగే నిలబడింది.

"కోపమేటి మామ్మా? తీసుకుపోయి ఇంకోకాడ నూర్చుకో."

"ఇంకోకాడెందుకు తల్లీ," అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బడి విడిచారు.

ప్రవల్లిక అవతలి గట్టున సైకిల్ పట్టుకుని నిలబడింది. లారీ వెనక లారీ. ఇవతల నుంచి ధనలక్ష్మి చెయ్యి ఊపింది. కొంగు ఊపింది. ఒక్కడూ ఆగలేదు.

"అక్కడే ఉండే! కదలకు!"

హారన్ల మోతలో ఆ మాట కూతురికి చేరనే లేదు.

టీ కొట్టు ఢిల్లీబాబు బయటికొచ్చాడు.

"ఉలవలున్నన్నాళ్లూ టైరు జారుతాదని డ్రైవర్లు బ్రేకేసీవోరు ఒదినా. అప్పుడే పిల్లలు దాటీసీవోరు. ఇప్పుడెవుడు ఆపుతాడు?"

"ఆ మామ్మేదీ?"

"పొద్దున్న పూండిలో రైలెక్కీసిందట. ఏ ఊరని ఎతుకుతావు?"

ప్రవల్లిక ఒక అడుగు ముందుకేసింది. లారీ రివ్వున పోయింది. వెనక్కి గెంతింది.

ధనలక్ష్మి గోతిలోకి ఉరికింది. ఉలవ మొక్కలు రెండు చేతులా ఎత్తుకుని పైకొచ్చింది. రోడ్డు మీద పరుద్దామని గబగబా విదిలించింది.

ఏమీ రాలలేదు.

ఒక కాయ నలిపి చూసింది. ఇంకొకటి. మరొకటి.

"అమ్మా!" అవతల నుంచి ప్రవల్లిక పిలుస్తోంది.

అన్నీ ఎప్పుడో నూర్చేసిన కాయలు. పిల్లలు దాటే చోట ముసలామె ఇన్నాళ్లూ పరిచినవాటిలో ఒక్క ఉలవ గింజ కూడా లేదు.