హెచ్చు పాట

మునిసిపల్ యార్డులో వేలం పది గంటలకన్నారు. మధ్యాహ్నం దాటుతున్నా మెటడార్ వ్యాను దాకా రాలేదు.

ముందు విరిగిన తోపుడు బళ్ళు పోయాయి. తరవాత తుప్పు పట్టిన నీళ్ళ పైపులు, వంగిన దీపస్తంభాలు, చెత్త డబ్బాలు. స్టోర్ కీపరు ప్రతి వస్తువు పేరూ చదివి, గొంతు పోయేలా అరిచి, రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. పాడేవాళ్ళలోనూ హుషారు లేదు. ఏది ఎవరికి పోవాలో పొద్దున టీ కొట్టు దగ్గరే తేలిపోయింది. భవానీపురంలో పాత ఇనప సామాను కొట్టున్న మాణిక్యం ఆ పంపకాలు చేస్తాడు. అతను ఒక మాట చెప్పాక ఒకరు కోరుకున్నదాని మీద ఇంకొకరు పాట పెంచరు.

ఆ పంపకాల్లో వ్యాను వెంకటసుబ్బారావు గారి వంతుకొచ్చింది. ఆయన ఉయ్యూరు అవతల ఓ కాన్వెంటు నడిపే కరస్పాండెంటు.

కొండలయ్య సంగతి టీ కొట్టు దగ్గర ఎవరికీ తెలియదు. కైకలూరు నుంచి మొదటి బస్సులో వచ్చి, ఆ వ్యాను నీడలోనే కూర్చున్నాడు. మిగతా వస్తువుల వైపు కన్నెత్తి చూడలేదు. ఒళ్ళోని సంచిలో వచ్చే ఏటి చేపల చెరువు కౌలుకు దాచిన డబ్బుంది. భార్య పెద్దింట్లమ్మ బీరువాలోంచి తనే తీసి ఇచ్చింది. సరిపోతుందా అని మాత్రం అడిగింది.

ఊరి పేరు విని, చేపల పెట్టెలు తోలుకోడానికా అని మాణిక్యం అడిగాడు. కొండలయ్య అవుననలేదు, కాదనలేదు. ఎండ ముదరకముందే సరుకు మార్కెట్టుకు చేర్చుకోవాలని ఈ మనిషి తాపత్రయం కాబోలనుకున్నాడు మాణిక్యం. వచ్చే వేలంలో ట్రాక్టరు తొట్టి ఒకటి ఉంది, అది ఇప్పిస్తానన్నాడు. కొండలయ్య తల అడ్డంగా ఊపాడు. ఇక లాభం లేదని మాణిక్యం వెళ్ళి వెంకటసుబ్బారావు గారినే పిలుచుకొచ్చాడు.

ఆయన గొడుగు కింద నిలబడే మాట్లాడాడు.

"పిల్లల కోసమండీ. చుట్టుపక్కల పల్లెల్నించి ఎండన పడి నడిచొస్తున్నారు. నా లాభానికైతే ఇంత దూరం రాను."

కొండలయ్య లేచి నిలబడ్డాడు. "దీనికి బ్రేకులు పడవండీ. కింద దూరి చూశాను. అడుగు రేకు కూడా పుచ్చిపోయింది. పిల్లల్ని ఎక్కించే బండి కాదండీ ఇది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వేలానికి వచ్చి సరుకుని తిట్టేవాడికి ఆ సరుకు మీదే కన్నుంటుందని వాళ్ళకి తెలుసు. ఇందాక పైపులు చిల్లులు పడ్డాయని గోల చేసిన మనిషే ఇప్పుడు వాటిని లారీకెత్తించుకుంటున్నాడు.

"చేపలకైతే బ్రేకులక్కర్లేదేంటి బాబాయ్?" అన్నాడొకడు.

వెంకటసుబ్బారావూ నవ్వాడు. తనకు మెకానిక్కు ఉన్నాడని, నాలుగు బెంచీలు బిగించి పసుపు రంగు కొట్టిస్తే కొత్త బండేనని చెప్పాడు. ఆ తరవాత గొంతు తగ్గించాడు.

"మీకు పిల్లలున్నారా?"

"ఒక పాపండీ."

"ఏం క్లాసు?"

"రెండో తరగతండీ."

"కాన్వెంటేనా?"

"అవునండీ. వ్యానులోనే."

"చూశారా మరి. మీ పాప వ్యానెక్కాలి, మా పిల్లలు కాళ్ళీడ్చుకుంటూ నడవాలి. బాగుందండీ న్యాయం."

కొండలయ్య స్టోర్ కీపరు వైపు తిరిగాడు.

పాట మొదలైంది. వెంకటసుబ్బారావు పాడాడు. స్టోర్ కీపరు ఒకటోసారి అనేలోపే కొండలయ్య పెంచాడు. ఆయన మళ్ళీ పాడాడు. ఇతను మళ్ళీ పెంచాడు. తుక్కు ధర ఎప్పుడో దాటిపోయింది. పెంచినప్పుడల్లా వెనక నుంచి గొణుగుడు వినిపిస్తూనే ఉంది. బడిపిల్లల నోటి దగ్గరిది లాక్కుంటున్నాడని ఒకరు, చేపల డబ్బు కదా, కొవ్వు పట్టిందని ఇంకొకరు. కొండలయ్య సంచి మూతి బిగించి పట్టుకున్నాడు. అందులో ఉన్నది దాటి పాడటానికి లేదు. అక్కడిదాకా వచ్చేశాడు.

కరస్పాండెంటు గొడుగు ముడిచేశాడు.

"తీసుకోండి. ఇంటికెళ్ళి మీ పాపకి చెప్పుకోండి, ఎంత గొప్ప పని చేసొచ్చారో."

స్టోర్ కీపరు మూడోసారి కూడా అనేసి, కొండలయ్య పేరు రాసుకుని, నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. జనం పల్చబడ్డారు. డబ్బు కట్టి వచ్చేసరికి మాణిక్యం ఒక్కడే మిగిలాడు. కోపమున్నా బేరం వదులుకునే మనిషి కాదు. బండి లాక్కెళ్ళడానికి ట్రాక్టరు మాట్లాడమంటారా అని అడిగాడు.

"వద్దండీ. మీ దగ్గర గ్యాస్ కట్టరుందంటగా. ఇక్కడే కోయించండి."

మాణిక్యం అతని మొహంలోకి చూశాడు. "ఏం కోయించాలి?"

"మొత్తం. ఇంజను సమ్మెటతో పగలగొట్టించండి. మళ్ళీ ఎవరూ బిగించుకోడానికి లేకుండా."

"అంత డబ్బు పోసి కొని తుక్కు చేయిస్తారా? అందులో పావు వంతు కూడా రాదండీ మీకు."

"రాకపోనీండి. అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను."

పిచ్చివాడనుకున్నాడు మాణిక్యం. అయినా మనుషుల్ని పిలిపించాడు. మంట అంటుకుంది. నిప్పురవ్వలు దగ్గరగా పడుతున్నా కొండలయ్య వెనక్కి జరగలేదు.

రెండేళ్ళ కిందట ఇదే యార్డులో ఇంకో కాన్వెంటు వారు పాడుకుపోయి పసుపు రంగు కొట్టించిన వ్యాను, బ్రేకులు పడక కాలువలో పడిపోయిన పొద్దున, అందులోంచి ఆఖరున ప్రాణం లేకుండా బయటికి తీసింది కొండలయ్య కూతుర్నే.